మడత చెప్పే లెక్క



ఈ ప్రసంగం వింటున్నంతసేపూ మీ చేతిలో ఒక కాగితం ఉంటే బాగుంటుంది. నోటుబుక్కు పేజీ కావచ్చు, పాత క్యాలెండరు కాగితం కావచ్చు, ఇంటికొచ్చిన కరపత్రం కావచ్చు. నాలుగు మూలలూ చిరగకుండా ఉన్న దీర్ఘచతురస్రం అయితే చాలు. పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లనీ పక్కన కూర్చోబెట్టుకోండి. మనం మాట్లాడుకోబోయేది వాళ్ల లెక్కల పుస్తకంలో ఉన్న పాఠమే: బహుభుజులు, వాటి సౌష్ఠవ రేఖలు. రేడియోలో బొమ్మ వేసి చూపించే వీలు లేదు కాబట్టి ఆ పని మీ వేళ్లకు అప్పజెబుతున్నాను.

బళ్లో చాలామంది పిల్లలు ఈ పాఠాన్ని ఒక పట్టికగా బట్టీ పడతారు. సమబాహు త్రిభుజానికి మూడు, చతురస్రానికి నాలుగు, దీర్ఘచతురస్రానికి రెండు, సమాంతర చతుర్భుజానికి సున్నా. పరీక్షలో అడిగితే రాస్తారు, మార్కులు పడతాయి. ఆ అంకెలు అవే ఎందుకయ్యాయి, మధ్యలో కొన్ని అంకెలు ఎందుకు రాలేదు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. రెండు సౌష్ఠవ రేఖలున్న త్రిభుజం ఎందుకు లేదు? మూడున్న చతుర్భుజం ఎందుకు లేదు? ఒక ఆకారానికి ఎన్ని సౌష్ఠవ రేఖలు ఉండాలన్నది గీసేవాళ్ల ఇష్టం కాదు. భుజాల సంఖ్య కొన్ని అంకెలను ఒప్పుకుంటుంది, కొన్నింటికి ససేమిరా అంటుంది. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ కట్టుబాటే. దాన్ని ఇవాళ మడతలతో పట్టుకుందాం, ఆ తరువాత ముగ్గు చుక్కల మీద సరిచూసుకుందాం.

కాగితం తీసుకోండి. పొడవాటి అంచు మీద పొడవాటి అంచు పడేలా సగానికి మడవండి. మూల మీద మూల కూర్చుంది, ఎక్కడా వెంట్రుకవాసి కూడా బయటికి రాలేదు. ఆ మడత గీతే సౌష్ఠవ రేఖ. విప్పండి. ఈసారి పొట్టి అంచు మీద పొట్టి అంచు పడేలా మడవండి. ఇదీ కుదిరింది. రెండు రేఖలు దొరికాయి. ఇప్పుడు ఐమూలగా మడవాలి. మడత గీత ఎడమవైపు పైమూల నుంచి కుడివైపు కిందిమూల దాకా, సరిగ్గా ఆ రెండు మూలల గుండా పోవాలి. మడిచి చూడండి. కుదరలేదు కదా. ఒక మూల ఇటు పొడుచుకొచ్చింది, ఒక మూల అటు పొడుచుకొచ్చింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు, పెద్దవాళ్లు కూడా. కర్ణాలను కూడా కలుపుకుని దీర్ఘచతురస్రానికి నాలుగు సౌష్ఠవ రేఖలని చెప్పేస్తారు. కర్ణం వెంట కత్తిరిస్తే వచ్చే రెండు త్రిభుజాలూ అచ్చంగా సమానమే కదా అని వాళ్ల వాదన. సమానమే, అందులో సందేహం లేదు. అయితే ఒక త్రిభుజాన్ని రెండోదాని మీద సరిగ్గా కూర్చోబెట్టాలంటే దాన్ని బల్ల మీదే సగం చుట్టు తిప్పాలి. మడత తిప్పదు, బోర్లిస్తుంది. తిప్పితే కుదిరేది బోర్లిస్తే కుదరకపోవచ్చు. నిజానికి దీర్ఘచతురస్రం నడిబిందువు గుండా ఏ గీత గీసినా అది రెండు సమాన భాగాలే చేస్తుంది. అలాంటి గీతలు లెక్కలేనన్ని. మడత పరీక్షకు నిలిచేవి రెండే. మామూలు సమాంతర చతుర్భుజం సంగతి చూడండి. నడిబిందువు గుండా పోయే ప్రతి గీతా దాన్ని సమంగా పంచుతుంది, సగం చుట్టు తిప్పితే అది మళ్లీ తన చోట్లోనే కూర్చుంటుంది, అయినా దానికి సౌష్ఠవ రేఖ ఒక్కటీ లేదు. పిల్లలకు ఈ తేడా చెప్పాలంటే బోర్డు మీద చుక్కల గీత గీయడం కంటే ఒక కాగితం చేతికివ్వడం మేలు.

కుదరని ఆ ఐమూల మడతను అప్పుడే విప్పకండి. చేతిలో ఉన్న ఆకారం అంచు వెంట వేలు పోనివ్వండి. మడత గీతకు రెండు చివరలా రెండు మూలలు. పొడుచుకొచ్చినవి ఇంకో రెండు. ఆ రెంటికీ మధ్య లోపలికి దిగిన మూల ఒకటి. మొత్తం ఐదు మూలలు, ఐదు భుజాలు. దీర్ఘచతురస్రం పోయి పంచభుజి వచ్చింది. ఇప్పుడు మడత గీత ఒక చివరను రెండో చివర మీదికి తెచ్చి మళ్లీ మడవండి. పొడుచుకొచ్చిన రెండు మూలలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కొత్త ఆకారానికి సౌష్ఠవ రేఖ ఒకటి దొరికింది. ఇంకోటి ఉందేమో వెతకండి. దొరకదు. ఎందుకు దొరకదో కాసేపట్లో తేలుతుంది.

ముందు త్రిభుజాలు. మూడు భుజాలూ మూడు కొలతలుగా ఉంటే ఎటు మడిచినా కుదరదు. రెండు భుజాలు సమానమైతే, అవి కలిసే శీర్షం నుంచి ఎదుటి భుజం మధ్యకు పోయే గీత వెంట కుదురుతుంది. ఇప్పుడు సరిగ్గా రెండు రేఖలున్న త్రిభుజమే కావాలని పట్టుబడదాం. మూలలకు క, గ, చ అని పేర్లు పెట్టుకోండి. మొదటి మడత క దగ్గర మొదలైంది. అంటే కగ భుజం వచ్చి కచ భుజం మీద పడింది, అవి రెండూ సమానం. రెండో మడత గ దగ్గర మొదలైంది. అంటే గక భుజం వచ్చి గచ మీద పడింది, అవీ సమానం. చూశారా, మూడు భుజాలూ సమానమైపోయాయి. ఇక చ దగ్గర మడిచినా కుదిరి తీరుతుంది. రెండో రేఖ రాగానే మూడోది పిలవకుండానే వచ్చేసింది. అందుకే త్రిభుజానికి సున్నా, ఒకటి, మూడు. రెండుకు చోటు లేదు.

చతుర్భుజానికి వచ్చేముందు, మడిచినప్పుడు మూలలు ఏమవుతాయో గమనించండి. మడత గీత మీద ఉన్న మూల కదలదు. గీతకు ఇవతల ఉన్న ప్రతి మూలా అవతల ఉన్న ఒక మూల మీద పడాలి, అంటే అవి జతలుగా ఉండాలి. నాలుగు మూలల ఆకారంలో మడత గీత రెండు మూలల గుండా పోవాలి, లేదంటే ఏ మూలనూ తాకకుండా రెండు భుజాల మధ్యల గుండా పోవాలి. ఒకే ఒక్క మూల గుండా పోతే మిగిలిన మూడూ జతపడవు. బేసి సంఖ్యలో భుజాలుంటే దీనికి పూర్తిగా విరుద్ధం: అక్కడ ప్రతి సౌష్ఠవ రేఖా ఒక్క మూల గుండా మాత్రమే వెళ్లి, ఎదుటి భుజం మధ్యలోంచి బయటపడుతుంది.

చతుర్భుజాల్లో గాలిపటం ఆకారానికి ఒకటే, నిలువు పుల్ల పోయే గీత. పక్క భుజాలు సమానంగా ఉన్న ట్రెపీజియంకూ ఒకటే. దీర్ఘచతురస్రానికి రెండు, రెండూ భుజాల మధ్యల గుండా. పేకముక్కల మీది డైమండు గుర్తుకు, అంటే సమచతుర్భుజానికి, రెండు. అవి రెండూ మూలల గుండా. చతురస్రం అటు దీర్ఘచతురస్రమూ ఇటు సమచతుర్భుజమూ కాబట్టి దానికి రెండూ రెండూ నాలుగు. మూడు ఎక్కడా తగలదు.

ఎందుకు తగలదో చెప్పడానికి రెండు సంగతులు కావాలి. ఒక ఆకారానికి ఎన్ని సౌష్ఠవ రేఖలున్నా అవన్నీ ఒకే బిందువు దగ్గర కలుస్తాయన్నది మొదటిది. ఏదైనా ఆకారాన్ని అట్టతో కత్తిరించి పెన్సిలు మొన మీద తూకంగా నిలబెట్టి చూడండి. మడత గీతకు రెండు పక్కలా బరువు ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది, కాబట్టి అట్ట నిలిచే బిందువు ఆ గీత మీదే ఉండాలి. రెండో గీత మీద కూడా ఉండాలి. మూడోదాని మీదా ఉండాలి. తూకం నిలిచే బిందువు ఒక్కటే, అందుకని గీతలన్నీ దాని గుండానే పోతాయి. సమాంతరంగా నడిచే రెండు సౌష్ఠవ రేఖలు ఏ బహుభుజికీ ఉండవు.

రెండో సంగతి నాకు మరీ ఇష్టం. ఒక గీత మీద బోర్లించి, వెంటనే ఇంకో గీత మీద బోర్లిస్తే, రెండూ కలిసి తిప్పడం అవుతుంది. రెండుసార్లు బోర్లించిన కాగితం మళ్లీ వెల్లకిలా వచ్చేస్తుంది, కానీ మొదటి స్థితిలో ఉండదు, కొంత తిరిగి ఉంటుంది. ఎంత తిరుగుతుందంటే, ఆ రెండు గీతల మధ్య కోణానికి సరిగ్గా రెట్టింపు. చతురస్రంలో పక్కపక్క రేఖల మధ్య 45 డిగ్రీలు, కాబట్టి రెండు బోర్లింపులు కలిపి 90 డిగ్రీల తిప్పు. ఒక చతురస్రపు కాగితం మూలలో గుర్తు పెట్టి, ముందు నిలువు గీత మీద, ఆ తరువాత ఐమూల గీత మీద బోర్లించండి. గీతలను బల్ల మీద ఉన్నవిగానే అనుకోవాలి, కాగితంతో పాటు కదలనివ్వకూడదు. గుర్తు పక్క మూలకు జరిగి ఉంటుంది.

ఇప్పుడు నాలుగు భుజాల ఆకారానికి మూడు రేఖలున్నాయని ఒప్పుకుని చూద్దాం. ఒక రేఖ మీద మడిచినప్పుడు మిగతా రేఖలు కూడా ఒకదాని మీద ఒకటి పడాలి. కాబట్టి వాటి మధ్య ఎడం సమానంగా ఉంటుంది, మూడు రేఖలకు 60 డిగ్రీల చొప్పున. పక్కపక్క రేఖల మీద రెండు బోర్లింపులు చేస్తే 120 డిగ్రీల తిప్పు. అంటే ఈ ఆకారాన్ని మూడో వంతు చుట్టు తిప్పినా అది తన చోట్లో కూర్చోవాలి. ఏదో ఒక మూలను పట్టుకోండి. ఒకసారి తిప్పితే అది ఇంకో చోటికి వెళ్తుంది, మళ్లీ తిప్పితే మూడో చోటికి, మళ్లీ తిప్పితే సొంత చోటికి. ఆ మూడు చోట్లా మూలలు ఉండి తీరాలి. ఏ మూలను పట్టుకున్నా ఇదే కథ, కాబట్టి మూలలు మూడేసి చొప్పున ఉంటాయి. నాలుగు మూలలను మూడేసి చొప్పున పంచడం ఎవరి తరం?

కట్టుబాటు అదీ. సౌష్ఠవ రేఖలంటూ ఉంటే, వాటి సంఖ్య భుజాల సంఖ్యను శేషం లేకుండా భాగించాలి. ఆరు భుజాలకు 1, 2, 3, 6 వస్తాయి. 4, 5 ఎప్పటికీ రావు. ఎనిమిది భుజాలకు 1, 2, 4, 8. పన్నెండుకు 1, 2, 3, 4, 6, 12. ఇక 5, 7, 11 లాంటి ప్రధాన సంఖ్యల దగ్గర బేరం లేదు: అయితే ఒకటి, కాకపోతే మొత్తం. ఇందాక మన ఐమూల మడతలో పుట్టిన పంచభుజికి రెండో రేఖ దొరకనిది అందుకే. రెండోది దొరికిన మరుక్షణం ఐదూ రావాలి, ఐదు భుజాలూ ఐదు కోణాలూ సమానం కావాలి, అది క్రమ పంచభుజి అయి కూర్చోవాలి. మామూలు దీర్ఘచతురస్రపు మడతలో అంత భాగ్యం ఎక్కడిది!

ఈ లెక్కే ధనుర్మాసమంతా మన వాకిళ్లలో సాగుతుంది. చుక్కల ముగ్గు నేర్పేటప్పుడు మూడు మాటలు చెబుతారు. నడి వరుసలో ఎన్ని చుక్కలు, ఎన్ని వచ్చేదాకా తగ్గించాలి, ఎదురు చుక్కా సందు చుక్కా. ఎదురు చుక్క అంటే పై వరుస చుక్క కింది వరుస చుక్కకు నేరుగా ఎదురుగా ఉంటుంది, వరుస వరుసకూ అటొకటి ఇటొకటి తగ్గుతాయి. సందు చుక్క అంటే రెండు చుక్కల మధ్య సందులో పై చుక్క పడుతుంది, వరుసకు ఒక్కటే తగ్గుతుంది. ఈ మూడు మాటల్లోనే ముగ్గు చట్రం ఏ బహుభుజో, దానికి ఎన్ని సౌష్ఠవ రేఖలో నిర్ణయమైపోతుంది. ముగ్గు పుస్తకాల్లో బొమ్మ పక్కన వేసే ఆ చిన్న వాక్యాన్ని నేను చాలా గౌరవంగా చదువుతాను. అంత క్లుప్తంగా ఆకారాన్ని చెప్పే పద్ధతి లెక్కల పుస్తకాల్లో కూడా తక్కువ.

ఏడు చుక్కలతోనే ఉదాహరణలు తీసుకుందాం. ఏడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా, ఎదురు చుక్క. నడిమ 7, అటూ ఇటూ 5, 3, 1. మొత్తం 25 చుక్కలు. కోణం మీద నిలబడ్డ చతురస్రం వస్తుంది. నాలుగు రేఖలు. ఇప్పుడు ఒక్క మాట మార్చండి: ఏడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా, సందు చుక్క. నడిమ 7, అటూ ఇటూ 6, 5, 4, 3, 2, 1. మొత్తం 49. ఇది చతురస్రం కాదు, సాగిన డైమండు ఆకారం. రేఖలు రెండే. ఎదురు చుక్క సందు చుక్క అయినందుకు సగం సౌష్ఠవ రేఖలు పోయాయి.

ఆరు భుజాలు రావాలంటే ఒకటి దాకా పోకుండా ముందే ఆగాలి. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క. 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37. ఏ అంచున చూసినా నాలుగేసి చుక్కలే కాబట్టి ఆరు భుజాలూ సమానం. ఇది క్రమ షడ్భుజి, దీనికి ఆరు రేఖలు: మూడు ఎదురెదురు మూలల గుండా, మూడు ఎదురెదురు భుజాల మధ్యల గుండా. ఇప్పుడు నాలుగు దగ్గర ఆగకుండా ఇంకో వరుస వేసి మూడు దగ్గర ఆగండి. 3, 4, 5, 6, 7, 6, 5, 4, 3. మొత్తం 43. పైనా కిందా అంచున మూడేసి చుక్కలు, ఏటవాలు అంచుల్లో ఐదేసి. ఆకారం నిలువుగా సాగింది. మూలల కోణాలు ఇంకా 120 డిగ్రీలే, భుజాలు ఇంకా ఆరే. రేఖలు మాత్రం ఆరు నుంచి రెండుకు పడిపోయాయి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. ఆరుకూ రెండుకూ మధ్య ఐదు దగ్గర గానీ నాలుగు దగ్గర గానీ అది ఆగలేదు, ఆగడం కుదరదు కనుక.

చుక్కలు పెట్టేవాళ్లకు ఒక మాట. సందు చుక్కలో షడ్భుజి నిజంగా సమంగా రావాలంటే వరుసకూ వరుసకూ మధ్య దూరం, పక్కపక్క చుక్కల మధ్య దూరం కంటే కాస్త తక్కువ ఉండాలి. చుక్కకూ చుక్కకూ 10 సెంటీమీటర్లు వదిలితే వరుసల మధ్య సుమారు 8.7 సెంటీమీటర్లు. చేయి తిరిగినవాళ్లు ఇది కొలవరు, కంటితోనే పట్టేస్తారు. ఇక ఆ చట్రం మీద వేసే బొమ్మ తీరు వేరు. షడ్భుజి చుట్టూ ఆరు నెమళ్లు ఒకే దిక్కుకు నడుస్తున్నట్టు వేశారనుకోండి, ముగ్గును ఆరో వంతు చుట్టు తిప్పితే కుదురుతుంది, మడిస్తే మాత్రం ఎక్కడా కుదరదు. అవే నెమళ్లను జంటలు జంటలుగా ఎదురెదురుగా నిలబెడితే మూడు మడతలు తిరిగొస్తాయి.

చేతిలో చిల్లర ఉంటే తీసి చూడండి. 2019లో ప్రకటించిన 20 రూపాయల నాణెం 12 భుజాలది. బొమ్మలూ అక్షరాలూ వదిలేసి అంచు ఆకారం మాత్రమే చూస్తే 12 సౌష్ఠవ రేఖలు. 1990ల నాటి రెండు రూపాయల బిళ్ల గుర్తుందా, దానికి 11 భుజాలు. ఏ మూల నుంచి గీత గీసినా ఎదురుగా భుజమే తగులుతుంది. ఇంకా వెనక్కి పోతే అల్యూమినియం బిళ్లలు: 1964లో వచ్చిన మూడు పైసలు, 1982లో వచ్చిన 20 పైసలు, రెండూ షడ్భుజులే. బేసి భుజాల నాణెంలో ఒక తమాషా ఉంది. 1969లో బ్రిటన్‌లో వచ్చిన 50 పెన్నీల నాణానికి ఏడు భుజాలు. అవి తిన్నని గీతలు కావు, కాస్త ఉబ్బి ఉంటాయి. ప్రతి భుజమూ ఎదుటి మూలను కేంద్రంగా పెట్టుకుని గీసిన చాపం. అందువల్ల ఆ నాణెం ఎటు తిప్పి కొలిచినా వెడల్పు ఒక్కటే, గుండ్రటి నాణెంతో పాటు అదీ యంత్రాల్లో ఇరుక్కోకుండా దొర్లుతుంది. సరి భుజాల ఆకారంతో ఈ పని కాదు, అక్కడ మూలకు ఎదురు మూలే ఉంటుంది, చాపం గీయడానికి ఎదురు భుజం దొరకదు.

కట్టడాల్లో కూడా ఈ లెక్క చదవొచ్చు. 1591లో కట్టిన చార్మినార్ కింది నుంచి చూస్తే చతురస్రం, నాలుగు దిక్కులకూ నాలుగు పెద్ద కమానులు, నాలుగు మూలలా నాలుగు మినార్లు. నాలుగు సౌష్ఠవ రేఖలు. పై అంతస్తుకు వెళ్తే పడమటి వైపున మసీదు ఉంది. అది చేరగానే నాలుగు రేఖల్లో తూర్పు పడమరల మధ్య పోయేది ఒక్కటే మిగులుతుంది. ప్రార్థనకు దిక్కు ఉంది కాబట్టి ఆ కట్టడానికీ ఒక దిక్కు వచ్చింది. అదే నగరంలో కుతుబ్‌షాహీ సమాధుల మధ్య జంషీద్ కులీ సమాధి ఎనిమిది భుజాలతో నిలబడి ఉంటుంది. మిగతా సమాధుల చతురస్రపు అడుగుల మధ్య నడిచి వచ్చాక దాని చుట్టూ ఒకసారి తిరిగితే, నాలుగుకూ ఎనిమిదికీ తేడా కాళ్లకే తెలుస్తుంది.

కాగితం మడతలతోనే జ్యామితి అంతా నేర్పాలని తలపెట్టిన మనిషి ఒకాయన మన పక్కనే ఉండేవారు. టి. సుందర రావు. 1893లో మద్రాసులో ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చు వేయించారు, పేరు 'జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్'. కిండర్‌గార్టెన్ పిల్లలకు ఆటగా ఇచ్చే రంగు కాగితాల కట్ట చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ తన ప్రసంగాల్లో ఆ పుస్తకాన్ని ప్రస్తావించారు. ఆ మాట పట్టుకుని అమెరికాలో బెమన్, స్మిత్ అనే ఇద్దరు ఆచార్యులు దాన్ని సంస్కరించి 1901లో షికాగోలో మళ్లీ వేయించారు. వృత్తలేఖిని లేదు, స్కేలు లేదు. ఒక చతురస్రపు కాగితం, రెండు చేతులు, అంతే.

ఆ పద్ధతిలో ఒక మడత మీరూ చేయండి. చతురస్రపు కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి విప్పితే నడిమిన గీత పడుతుంది. కింద ఎడమ మూలను ఒక చేత్తో అదిమి పట్టుకోండి. కింద కుడి మూలను లేపి, అది ఆ నడి గీత మీద పడేదాకా తీసుకురండి. మడత ఎడమ మూల గుండానే పోవాలి. కుడి మూల నడి గీతను తాకిన చోట పెన్సిలుతో చుక్క పెట్టండి. కాగితం విప్పి, ఆ చుక్కను కింది రెండు మూలలతో కలపండి. సమబాహు త్రిభుజం వచ్చింది. ఎందుకొచ్చిందో మడతే చెబుతుంది. చుక్క నడి గీత మీద ఉంది కాబట్టి రెండు మూలలకూ సమదూరం. కుడి మూలే వచ్చి అక్కడ పడింది కాబట్టి ఎడమ మూల నుంచి దాని దూరం కాగితం అడుగు అంచంత. రెండు సౌష్ఠవ రేఖలు కలిసి మూడు భుజాలను సమానం చేశాయి.

సుందర రావు గారి పుస్తకంలో అధ్యాయాల వరుస చూస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది. చతురస్రం, సమబాహు త్రిభుజం, పంచభుజి, షడ్భుజి, తరువాత అష్టభుజి, నవభుజి. ఏడు భుజాలకు అధ్యాయం లేదు. తొమ్మిదికి కూడా కోణాన్ని సుమారుగా మూడు భాగాలు చేసే పద్ధతే ఇచ్చారు. ఏడు అక్కడ రాకపోవడానికి కారణం ఉంది. వృత్తలేఖినితో, స్కేలుతో గీయగలిగే క్రమ బహుభుజులు ఏవో 1796లో గణితవేత్త గౌస్ మొదలుపెట్టిన దారిలో వాంట్జెల్ అనే మరో గణితవేత్త 1837లో తేల్చేశాడు. ఆ జాబితాలో ఏడు లేదు, తొమ్మిదీ లేదు. కానీ మడత ఆ పరికరాల కంటే బలమైనది. 1936లో ఇటలీ గణితవేత్త మార్గరీటా బెలోక్ చూపించింది ఏమిటంటే, రెండు బిందువులను ఒకే మడతలో రెండు గీతల మీదికి ఒకేసారి తేగలిగితే, ఘన సమీకరణాలు కూడా ఆ మడతకు లొంగుతాయి. క్రమ సప్తభుజికి కావలసింది ఒక ఘన సమీకరణమే. అంటే ఏడు సౌష్ఠవ రేఖలున్న ఏడు భుజాల ఆకారం, వృత్తలేఖినికి చిక్కనిది, కాగితం మడతకు ఖచ్చితంగా చిక్కుతుంది. ఈ సంగతి బడిపిల్లలకు చెప్పాలని నాకు ఎంతో ఉంటుంది. వాళ్ల చేతిలో ఉన్న కాగితం జామెట్రీ పెట్టెలో ఉన్నవాటికంటే ఎక్కువ పని చేయగలదని వాళ్లకు తెలియాలి.

మళ్లీ చుక్కల ముగ్గుకు వస్తే, షడ్భుజికి ఆరు రేఖలు చూశాం, రెండు చూశాం. మూడు మిగిలిపోయింది. దాని చుక్కలు చెబుతాను, రాసుకోండి. సందు చుక్క, కింది నుంచి పైకి: 3, 4, 5, 6, 7, 6, 5. మొత్తం 36 చుక్కలు. పైన ఐదు, కింద మూడు కాబట్టి పైకీ కిందకీ సమంగా కనిపించదు, తప్పు వేశామేమో అనిపిస్తుంది. తప్పు కాదు. అంచులు లెక్కపెట్టండి, ఒకటి విడిచి ఒకటి మూడు చుక్కలది, ఐదు చుక్కలది వస్తాయి. మూడు సౌష్ఠవ రేఖలూ అందులో ఉన్నాయి. ఒక్కటి కూడా మూల గుండా పోదు. నిలువుగా ఉన్నది వెంటనే దొరుకుతుంది, మిగతా రెండూ మీరు వెతకాలి. అవి దొరికాక, 3 చుక్కల వరుసను తీసేసి 4 నుంచి మొదలుపెట్టండి: 4, 5, 6, 7, 6, 5. ఇప్పుడు ఎన్ని రేఖలు మిగిలాయో పిల్లలను చెప్పమనండి.